గర్భసంచి తీసేయించుకోమంటున్నారు, అసలు కారణం నా ఒళ్ళేనా?

బ్లౌజులక్క, పల్నాడు జిల్లా

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నాకు 41 ఏళ్ళు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు 82 కేజీలు. పెళ్ళినాటికి 47 ఉండేదాన్ని. ఇద్దరు పిల్లలు పుట్టాక 24 ఏళ్ళకే పిల్లల ఆపరేషన్ అయిపోయింది. ఒళ్ళు రావడం ఆ తర్వాతే మొదలైంది. ఆ ఆపరేషన్ వల్లేనని మా అత్తగారు అంటుంది, వీధిలో ఆడవాళ్ళంతా అదే అంటారు.

రెండేళ్ళుగా డేటు సరిగా రావట్లేదు. రెండు నెలలు రాదు, ఒక్కోసారి మూడు నెలలూ రాదు. వచ్చిందంటే పది పన్నెండు రోజులు ఆగదు, గడ్డలు గడ్డలుగా పోతుంది. మిషన్ మీద నుంచి లేవాలంటే ముందు వెనక చీర చూసుకోవాలి. ఎవరైనా కొలతలు ఇవ్వడానికి వస్తే కూర్చునే మాట్లాడి పంపేస్తున్నాను. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు గోలీలిస్తే ఆగేది, మానేస్తే మళ్ళీ మొదలయ్యేది.

పోయిన నెల మేడమెట్లు ఎక్కినా ఆయాసం వస్తుంటే టౌన్‌లో ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాం. రక్తం (హిమోగ్లోబిన్) 7.8 మాత్రమే ఉందన్నారు. స్కానింగ్ పేపర్లో గర్భసంచి 'బల్కీ' అనీ, లోపలి పొర 17 మిల్లీమీటర్లనీ, ఓవరీల్లో నీటిబుడగలనీ రాశారు. డాక్టరమ్మ ఆ పేపరు చూసి, "ఇద్దరు పిల్లలున్నారుగా, ఇంక దాంతో పనేముంది, తీసేద్దాం. ఉంచితే క్యాన్సర్‌కి దారితీస్తుంది" అంది. వచ్చే సోమవారం చేరమన్నారు. ఇంకే పరీక్షా చెయ్యలేదు. మా ఆయన డబ్బు సర్దుతున్నాడు. మా ఆడపడుచూ తోడికోడలూ ఇద్దరూ తీయించుకున్నవాళ్ళే కాబట్టి ఇంట్లో ఎవరికీ ఇది పెద్ద విషయంగా అనిపించట్లేదు.

వచ్చేస్తుంటే బరువు చూసిన నర్సమ్మాయి మెల్లగా ఒక మాట అంది. "ఒళ్ళు తగ్గితే సగం సర్దుకునేవమ్మా ఇవన్నీ" అని. అప్పటినుంచీ అదే నా బుర్రలో తిరుగుతోంది. కొవ్వు పొట్ట మీదా తొడల మీదా కదా ఉండేది? దానికీ నెలసరికీ సంబంధం ఏంటి? గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నాయి, అదీ దీనివల్లేనా? మా అమ్మాయికి 17 ఏళ్ళు, దానికీ మూడు నెలలకోసారి వస్తోంది, మెడ వెనక నల్లగా మందంగా అయిపోయింది. నా సంగతి ఎలా ఉన్నా, దానికి నా గతి పట్టకూడదు. తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.

మాచర్ల వదిన

చెల్లీ, నాకు 34 ఏళ్ళకి తీసేశారు. గర్భసంచికి పుండు ఉంది, ఆలస్యం చేస్తే క్యాన్సర్ అన్నారు. మా ఇంట్లోవాళ్ళు భయపడిపోయి వారంలోనే చేయించారు. బయాప్సీ అనే మాటే అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు నాకు 45. బ్లీడింగ్ బాధ పోయింది, అది నిజం, అబద్ధం చెప్పను. కానీ అండాశయాలు కూడా తీసేశారని చాన్నాళ్ళ తర్వాత డిశ్చార్జి పేపరు ఇంకో డాక్టరు చదివి చెబితే తెలిసింది. ఆపరేషన్ అయిన కొద్ది నెలలకే ఒంట్లో ఆవిర్లు, రాత్రుళ్ళు చెమటలు, నిద్ర లేదు. మోకాళ్ళ నొప్పులు. ఒళ్ళు ఇంకా పెరిగింది, షుగర్ కూడా వచ్చింది. ఎముకలు బలం తగ్గాయని కాల్షియం వాడుతున్నాను.

తీయించుకోవద్దని చెప్పడానికి నేను డాక్టర్ని కాదు. ఒక్కటి మాత్రం అడుగు: ఏమేం తీస్తున్నారు, ఓవరీలు ఉంచుతున్నారా లేదా. సంతకం పెట్టేముందే అడుగు.

రిటైర్డ్ సిస్టర్, గుంటూరు

అమ్మా, నేను ప్రభుత్వాసుపత్రి గైనిక్ వార్డులోనే ఉద్యోగమంతా చేసి రిటైరయ్యాను. నీలాంటి పేపర్లు పట్టుకుని వచ్చినవాళ్ళని లెక్కలేనంత మందిని చూశాను. నువ్వు అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న, ఎవరూ అడగరు అది.

ముందు మీ అత్తగారి మాట. పిల్లల ఆపరేషన్‌లో గర్భసంచికి అటూ ఇటూ ఉండే ట్యూబుల్ని కట్టి కత్తిరిస్తారు. అండాశయాల జోలికి పోరు. హార్మోన్లు తయారయ్యేది అండాశయాల్లో, అవి నేరుగా రక్తంలోకి పోతాయి, ట్యూబుల్లోంచి కాదు. కాబట్టి ఆ ఆపరేషన్ ఒళ్ళు పెంచదు. 24 ఏళ్ళకి ఆపరేషన్ అయ్యాక బాలింత పథ్యమని నెయ్యి, విశ్రాంతి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి మిషన్ మీద కూర్చోవడం, పైగా వయసు. పెరిగింది వాటివల్ల.

ఇప్పుడు కొవ్వు సంగతి. కొవ్వంటే ఒంటికి అంటుకుని ఊరికే పడి ఉండే సరుకని అనుకుంటాం. కాదమ్మా. అది కూడా హార్మోన్లు తయారుచేసే అవయవమే. కొవ్వు కణాల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అండాశయాల నుంచీ, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథుల నుంచీ వచ్చే మగ హార్మోన్లని అది ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. ఒంట్లో కొవ్వు ఎంత ఎక్కువుంటే ఈ తయారీ అంత ఎక్కువ. ముట్లుడిగిపోయిన వాళ్ళలో కూడా ఇది ఆగదు.

మామూలుగా అయితే నెల మొదటి సగంలో ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరని పెంచుతుంది. మధ్యలో అండం విడుదలవుతుంది. విడుదలైన చోటు నుంచి ప్రొజెస్టెరోన్ వచ్చి ఆ పొర పెరుగుదలని ఆపి పక్వానికి తెస్తుంది. ప్రొజెస్టెరోన్ తగ్గగానే పొర అంతా ఒక్కసారిగా రాలిపోతుంది, అదే నెలసరి. నీకు రెండు మూడు నెలలు రావట్లేదంటే చాలావరకు అండం విడుదల కావట్లేదని అర్థం. అండం లేకపోతే ప్రొజెస్టెరోన్ లేదు. ఈస్ట్రోజన్ మాత్రం కొవ్వులోంచి కూడా వస్తూనే ఉంది. చేనుకి నీళ్ళు పెట్టేవాడున్నాడు గానీ కోత కోసేవాడు లేడన్నమాట. పొర మందమైపోయి, నిలబడలేక, అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఊడుతూ రోజుల తరబడి పోతుంది. నీకు గడ్డలు పడేది అందుకే అయి ఉండాలి. ఆర్‌ఎంపీ ఇచ్చింది బహుశా నోరెథిస్టెరోన్ అయి ఉంటుంది, వ్రతాలకీ పెళ్ళిళ్ళకీ డేటు వాయిదా వెయ్యడానికి మనవాళ్ళు కొనుక్కునే గోలీ అదే. అది ప్రొజెస్టెరోన్ జాతి మందే కాబట్టి వేసుకున్నన్నాళ్ళు ఆగింది. పొర ఎందుకు పెరుగుతోందో ఎవరూ చూడలేదు కాబట్టి మళ్ళీ మొదలైంది.

గడ్డం కింద వెంట్రుకలకి దారి వేరు. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ సరిగా పనిచెయ్యదు, దాంతో ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ రెండు పనులు చేస్తుంది. అండాశయాల చేత మగ హార్మోన్ ఎక్కువ చేయిస్తుంది. లివర్ తయారుచేసే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ని తగ్గిస్తుంది. మగ హార్మోన్ని పట్టుకుని అదుపులో ఉంచేది ఆ ప్రొటీనే. అది తగ్గితే హార్మోన్ స్వేచ్ఛగా తిరిగి గడ్డం మీద, పెదవి మీద వెంట్రుకలు తెప్పిస్తుంది, తల మీద జుట్టు పలచన చేస్తుంది. మీ అమ్మాయి మెడ నల్లబడటం కూడా ఈ ఇన్సులిన్ గుర్తే, మట్టి కాదు.

పేపర్లో రాసినవి చూద్దాం. 'బల్కీ' అంటే గర్భసంచి సైజు కాస్త పెద్దదని, అంతే. పిల్లల్ని కన్నవాళ్ళలో అలా ఉండటం మామూలే, లోపల ఫైబ్రాయిడ్ గడ్డలో, లోపలి పొర గోడలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిస్సో ఉన్నా అలా కనిపిస్తుంది. ఆ ఒక్క మాట చూసి గర్భసంచి తియ్యకూడదు. నాకు పట్టింపు ఉన్నది ఆ 17 మిల్లీమీటర్ల దగ్గర. నలభై దాటినవాళ్ళు, ఒళ్ళున్నవాళ్ళు, ఇలా నెలలు తప్పి ఎక్కువ పోయేవాళ్ళకి బయాప్సీ తప్పనిసరిగా చెయ్యాలి. సన్నటి గొట్టం పెట్టి లోపలి పొర కొంచెం తీసి ల్యాబ్‌కి పంపుతారు, చాలామందికి ఓపీలోనే అయిపోతుంది. కొద్దిసేపు మెలిపెట్టినట్టు నొప్పి ఉంటుంది. ఒళ్ళు ఎక్కువ ఉన్నవాళ్ళలో ఈ పొర క్యాన్సర్ రావడం ఎక్కువే, డాక్టరమ్మ భయంలో నిజం లేకపోలేదు. కానీ ఆ భయం ఉన్నప్పుడే ముందు ముక్క పరీక్ష చెయ్యాలి. పరీక్ష చెయ్యకుండా తీసేస్తే, లోపల నిజంగా క్యాన్సర్ ఉంటే దానికి చెయ్యాల్సిన ఆపరేషన్ వేరేగా ఉంటుంది, అదీ చెడుతుంది.

రిపోర్టులో పొర మందం మాత్రమే ఉండి, కణాల్లో తేడా లేదని వస్తే మందులతో తగ్గుతుంది. ప్రొజెస్టెరోన్ గోలీలు నెలల పాటు వాడిస్తారు, లేదా కాపర్-టి లాంటిదే హార్మోన్ ఉన్న లూప్ వేస్తారు. అది ఐదేళ్ళు గర్భసంచి లోపలే కొంచెం కొంచెం మందు వదులుతుంది, మిగతా ఒంట్లోకి చాలా తక్కువే పోతుంది. మొదటి కొన్ని నెలలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, కంగారుపడి తీయించేసుకుంటారు చాలామంది. ఆగాలి. ఆర్నెల్లకోసారి మళ్ళీ ముక్క పరీక్ష. కణాల్లో తేడా ఉందని వస్తే మాత్రం నీ వయసులో గర్భసంచి తియ్యడమే సరైన వైద్యం, అప్పుడు వెనకాడొద్దు.

ఇంకో మాట. 7.8 రక్తంతో సోమవారమే ఆపరేషన్ అంటే ఎక్కడ తొందరమ్మా? ముందు బ్లీడింగ్ ఆపి, ఐరన్ సెలైన్‌లో ఎక్కించి రక్తం పెంచాలి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్ళు తిరిగి పడిపోతున్నా ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. అలా కాకపోతే రెండో డాక్టరుకి చూపించుకునే టైము నీకు ఉంది.

మన రాష్ట్రం సంగతి కూడా తెలుసుకో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 36 మంది అధిక బరువుతో ఉన్నారు. అదే వయసువాళ్ళలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేశారు, తెలంగాణలో 8 మందికి. దేశం మొత్తం మీద అది 3 మందే. ఈ అనవసరపు ఆపరేషన్ల మీద కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమలు చెయ్యమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. కాబట్టి "ఇంకో డాక్టరుకి చూపించుకుని వస్తాం" అని అనడం నీ హక్కు. అలా అంటే ఎవరో ఏదో అనుకుంటారని ఆగొద్దు.

బ్లౌజులక్క, పల్నాడు జిల్లా

సిస్టరమ్మా, మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను. మా ఆయనకి మీ పోస్టంతా చదివి వినిపించాను. సోమవారం చేరట్లేదు, గుంటూరు పెద్దాసుపత్రికి వస్తున్నాం.

ఇంకో రెండు అడగనా. ఆ లూప్ వేయించుకుంటే ఇక ఒళ్ళు తగ్గకపోయినా ఫరవాలేదా? అన్నం పూర్తిగా మానేసి జొన్న రొట్టె తినమని మా చెల్లెలు అంటోంది. ఈమధ్య ఒళ్ళు తగ్గే ఇంజెక్షన్లు వచ్చాయని కూడా విన్నాను. అమ్మాయి సంగతి కూడా ఎవరైనా చెప్పండి, రోజూ అద్దం ముందు నిలబడి శనగపిండీ నిమ్మచెక్కా పెట్టి మెడ రుద్దుకుంటోంది, చూడలేకపోతున్నాను.

కూకట్‌పల్లి హాస్టల్ అమ్మాయి

ఆంటీ, ముందు ఆ నిమ్మచెక్క ఆపించండి. నేనూ ఇంటర్‌లో అలాగే రుద్ది రుద్ది చర్మం మంటపుట్టించుకునేదాన్ని. అది లోపలి ఇన్సులిన్ వల్ల వచ్చేది, రుద్దితే పోదు, ఇన్సులిన్ తగ్గితే మెల్లగా అదే పలచనవుతుంది.

నాకు 25. పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాని సమస్య) అని తేలింది పంతొమ్మిదో ఏట. మీ అమ్మాయికి పెద్దమనిషి అయ్యి మూడేళ్ళు దాటి ఉంటే, ఏడాదికి ఎనిమిది సార్ల కంటే తక్కువ వస్తుంటే అది "వయసుకి సర్దుకుంటుందిలే" అని వదిలేసేది కాదు. కానీ స్కానింగ్ తీయించి నీటిబుడగలున్నాయి అనగానే పీసీఓఎస్ అని ముద్ర వెయ్యనివ్వకండి. పెద్దమనిషి అయిన ఎనిమిదేళ్ళ దాకా ఆడపిల్లల ఓవరీల్లో అలా కనిపించడం మామూలేనట, ఆ వయసులో దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉందని మా డాక్టర్ చెప్పారు. అవి నిజానికి నీటిబుడగలు కూడా కావు, పెరగడం మొదలై మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. ఆపరేషన్ చేసి తీసేవి కావవి. నెలసరి తేడా, మగ హార్మోన్ గుర్తులు, ఈ రెండూ చూస్తారు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పరీక్షలు చేయించండి. షుగర్‌కి పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకి ఇంకోసారి రక్తం తీసే పరీక్ష అడగండి. నాకు పరగడుపున నార్మల్, తాగాక ఎక్కువ వచ్చింది. ఒక్క పరగడుపుది చూసి ఉంటే తెలిసేదే కాదు.

అందరి ఎదురుగా ఒళ్ళు గురించి అననివ్వకండి ఆంటీ. ఫంక్షన్లకి వెళ్ళినప్పుడల్లా "ఇంత లావైతే ఎవడు చేసుకుంటాడు" అన్న మాటలు విని నేను గదిలో తలుపేసుకుని బిస్కెట్ ప్యాకెట్లు తినేదాన్ని. నాకు పనికొచ్చింది మా అమ్మ నాతోపాటు సాయంత్రం నడవడం. ఆవిడ ఒక్కసారి కూడా బరువెంత అని అడగలేదు. ఆరు కేజీలు తగ్గేసరికి డేటు నలభై రోజులకి వచ్చింది. సన్నగా ఉన్న నా రూమ్మేట్‌కీ పీసీఓఎస్ ఉంది, కాబట్టి అంతా తిండి వల్లే అని కూడా మీ అమ్మాయిని అనకండి.

రిటైర్డ్ సిస్టర్, గుంటూరు

ఈ అమ్మాయి బాగా చెప్పింది, నేను చెప్పాల్సిన పని తగ్గించింది.

లూప్ వేశాక ఒళ్ళు సంగతి వదిలేయొచ్చా అంటే, వదలకూడదు. లూప్ గర్భసంచి పొరని కాపాడుతుంది. ఇన్సులిన్ని తగ్గించదు, రేపు వచ్చే షుగర్నీ బీపీనీ ఆపదు. అలాగని "ముందు బరువు తగ్గి రా, అప్పుడు చూస్తాం" అని నీ బ్లీడింగ్‌కి వైద్యం వాయిదా వేసే డాక్టరు మాటా వినకు. రెండూ ఒకేసారి జరగాలి. 47 కేజీలకి పోవాల్సిన పని లేదు. ఉన్న బరువులో నూటికి ఐదు నుంచి పది తగ్గితే, అంటే నీకు నాలుగు నుంచి ఎనిమిది కేజీలు, చాలామందికి అండం విడుదల మళ్ళీ మొదలవుతుంది. అది చాలా పెద్ద మార్పు. నడుము కొలత కూడా రాసుకో, టేపు నీ మెడలోనే ఉంటుంది. మన దేశపు ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు.

అన్నం బదులు అంతే మోతాదు జొన్న రొట్టెలు తింటే లాభం తక్కువ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజు మొత్తం శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం మించొద్దని చెప్పింది. మన కంచంలో సగానికి పైగా అన్నమే ఉంటుంది. మధ్యాహ్నం కంచంలో ముందు తోటకూర పప్పో బీరకాయ కూరో గుడ్డో పెట్టుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకో. మిషన్ దగ్గర తాగే టీల్లో చక్కెర, సాయంత్రం తెప్పించుకునే బజ్జీలు, ఇవి తగ్గిస్తేనే నీకు తేడా తెలుస్తుంది. ఒక బ్లౌజు అవ్వగానే లేచి వీధి చివరిదాకా నడిచి రా, భోజనం అయ్యాక తప్పకుండా. రక్తం పెరిగేదాకా మెల్లగా, ఆయాసం వస్తే ఆగిపో.

ఇంజెక్షన్లు వచ్చాయి, పనిచేస్తాయి కూడా. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్. కానీ ఖర్చు, వాంతులు, మానేస్తే బరువు తిరిగి రావడం, ఇవన్నీ ఎండోక్రైనాలజీ (హార్మోన్ల) డాక్టరుతో కూర్చుని మాట్లాడాల్సినవి. మెడికల్ షాపులో కొనుక్కుని పొడిపించుకునేవి కావు. అలాగే పక్కింటావిడ వాడే నెలసరి గోలీలు అడిగి తెచ్చుకోకు. 35 దాటి ఒళ్ళూ బీపీ ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజన్ ఉన్న గోలీలతో కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు స్కానింగ్ పేపరు, రక్త పరీక్ష, ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీల ఖాళీ స్ట్రిప్పు తెచ్చుకో. పోయిన ఆర్నెల్లలో ఏ తేదీల్లో వచ్చింది, ఎన్నాళ్ళుంది ఒక కాగితం మీద రాయి. ఓపీ చీటీ ఉదయం ఇస్తారు, తొందరగా రా. అమ్మాయిని కూడా అదే రోజు తీసుకురా, దానికి షుగర్ పరీక్ష ఉంటుంది కాబట్టి పరగడుపునే తీసుకురా, టిఫిన్ డబ్బా మాత్రం చేత్తో పట్టుకురా.

బ్లౌజులక్క, పల్నాడు జిల్లా

అమ్మా, గురువారం మొదటి బస్సుకే వస్తున్నాం. అమ్మాయి కాలేజీకి సెలవు చీటీ రాసింది. తేదీలన్నీ కస్టమర్ల కొలతల పుస్తకం వెనక రాసి ఉన్నాయి, అదే పట్టుకొస్తున్నాను.

మాచర్ల వదిన

చెల్లీ, బయాప్సీ రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయి. మా ఆడపడుచు కూతురికీ పొర 15 అని ఆపరేషన్ అంటున్నారు, ఈ పోస్టు వాళ్ళకి పంపించాను.